పొద్దున్నే లేవాలంటే ముందు రాత్రి సర్దుకోండి

మా చర్చి సంఘంలో స్త్రీల కూడికకు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పే ప్రార్థన అంశం ఒకటుంది. "పొద్దున్నే లేచి వాక్యం చదువుకోలేకపోతున్నాను, నా కోసం ప్రార్థన చేయండక్కా." తప్పకుండా చేస్తాం. ఈమధ్య మాత్రం నేను ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగుతున్నాను: రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు, ఫోన్ ఎక్కడ పెడుతున్నావు? జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. పదకొండున్నర, పన్నెండు. ఫోన్ దిండు పక్కన.

నాదీ అదే కథ. ఒక డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో రేపటి నుంచి 4 గంటలకే లేస్తానని దేవునికి మాట ఇచ్చి ఇంటికొచ్చాను. పదకొండు రోజులు లేచాను కూడా. కానీ సగం రోజులు మోకాళ్ల మీదే నిద్రపోయాను, మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రం మా చిన్నోడు పాలు ఒలకబోస్తే వాడు భయపడేలా అరిచాను. పన్నెండో రోజు అలారం ఆపేసి పడుకున్నాను. మాట తప్పానన్న బాధతో తర్వాత రెండు నెలలు బైబిల్ ముట్టుకోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చాలా రోజులకు అర్థమైంది. లేచే టైం మార్చాను గానీ పడుకునే టైం మార్చలేదు.

ఆదికాండం మొదటి అధ్యాయం ఒకసారి తీసి చూడండి. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను" అని ఉంటుంది. ముందు అస్తమయం, తర్వాత ఉదయం. యూదులకు ఇప్పటికీ రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది, వాళ్ల విశ్రాంతిదినం శుక్రవారం సాయంత్రం నుంచే లెక్క. నాకు ఇది పెద్ద ఓదార్పు. రోజు నా పనితో కాదు, విశ్రాంతితో మొదలవుతుందన్నమాట. 127వ కీర్తనలో కూడా తన ప్రియులు నిద్రపోతుండగానే దేవుడు వాళ్లకు ఇస్తాడని ఉంది. కాబట్టి నిద్ర మానుకోవడమే భక్తి అనుకోకండి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి.

ఇక లెక్క వెనక నుంచి వేసుకోండి. పిల్లల స్కూల్ బస్సు 7:15కి అయితే వంట, స్నానాలు, టిఫిన్‌కి గంటన్నర పోతుంది. అంటే 5:45కి పని మొదలుపెట్టాలి, దానికి ముందు వాక్యానికీ ప్రార్థనకూ తీరిక ఉండాలంటే మీరు 5 గంటలకు లేవాలి, 10 లోపు పడుకోవాలి. ఇప్పుడు 6:30కి లేస్తుంటే రేపే 5కి మార్చుకోవద్దు. వారానికి పావుగంట చొప్పున ముందుకు జరపండి, పడుకునే టైం కూడా అంతే. సాయంత్రం 4 దాటాక టీ మానేస్తే నిద్ర త్వరగా పడుతుంది. ఫోన్ ఛార్జర్ హాల్లోకి మార్చండి, అలారానికి బజార్లో ఒక చిన్న టేబుల్ గడియారం కొనుక్కోండి. నా జీవితంలో నిజంగా మార్పు తెచ్చింది ఈ ఒక్క పనే. అంతకుముందు అలారం ఆపుదామని ఫోన్ తీస్తే వాట్సాప్ కనిపించేది, అది చూసి ముగించేసరికి ఇరవై నిమిషాలు పోయేవి, దేవుని మాట కంటే ముందు ఊళ్లోవాళ్ల మాటలన్నీ నా చెవిలో పడేవి. బైబిల్ కూడా ఫోన్‌లో కాకుండా పుస్తకంలోనే చదవండి.

పడుకునే ముందు కుర్చీ మీద బైబిల్, కళ్లజోడు, పెన్ను, నోట్‌బుక్ పెట్టేయండి. నిద్రమత్తులో కళ్లజోడు వెతుక్కుంటే సగం ఉత్సాహం అక్కడే పోతుంది. రేపటి కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్న పదిహేను నిమిషాలు మిగులుతాయి.

నల్లా వచ్చే రోజు సంగతి వేరు. మా వీధిలో రోజు విడిచి రోజు, అదీ సరిగ్గా 5 గంటలకు వస్తుంది. మొదట్లో ఆ రోజుల్లో ప్రార్థన పోయిందని చిరాకు పడేదాన్ని. ఇప్పుడు ఆ రోజుకు వేరే పద్ధతి పెట్టుకున్నాను. పైపు డ్రమ్ములో వేసి, అది నిండే వరకు గట్టు మీద కూర్చుని అమ్మ వాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి ఒక పాట మెల్లగా పాడుకుంటాను. నీళ్లు అంచు దాకా వచ్చేటప్పటికి చప్పుడు సన్నబడుతుంది, అప్పుడు లేచి పైపు బిందెలోకి మారుస్తాను, మళ్లీ పాట. చదవడం సాయంత్రానికి. మీ ఇంట్లో నల్లా కాకపోతే ఇంకోటి ఉంటుంది, దానికీ ముందే చోటు ఇవ్వండి.

లేచాక ముందు ఒక గ్లాసు నీళ్లు. నాకు థైరాయిడ్ ఉంది. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా టీ తాగకూడదు. మొదట్లో ఆ అరగంట టీ కోసం గడియారం చూస్తూ గడిపేదాన్ని, ఇప్పుడు అదే నా వాక్యం టైం. మాత్ర వేసుకోగానే కుర్చీ దగ్గరికి వెళ్తాను. మీకు కూడా ఇలా రోజూ తప్పని పని ఏదైనా ఉంటే దానికి ముడిపెట్టండి, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

ఏం చదవాలి అని చాలామంది అడుగుతారు. ఏడాదిలో బైబిల్ మొత్తం చదవాలని మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. బైబిల్లో 1189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడు నాలుగు. అలవాటు లేనివాళ్లకు అది బరువు. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే, రోజుకు సగం అధ్యాయం చదివినా దాదాపు నెల రోజుల్లో అయిపోతుంది. మొదటి అధ్యాయంలోనే యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించడం కనిపిస్తుంది. దానికి ముందు రోజు సాయంత్రం ఊరంతా తలుపు దగ్గరికి వచ్చింది, ఎంతోమందిని స్వస్థపరిచాడు. అంత పని చేసిన మర్నాడు కూడా ఆయన తండ్రితో ఒంటరిగా ఉండడానికే వెళ్లాడు. తర్వాత సామెతల గ్రంథానికి రండి, 31 అధ్యాయాలు, తేదీకి ఒకటి.

ఎక్కువ చదవడం కంటే ఒక్క వచనం పట్టుకోవడం మేలు. అర్థమైనదో, గుచ్చుకున్నదో ఒకటి నోట్‌బుక్‌లో రాసుకోండి, కింద తేదీ వేయండి. ప్రార్థన మనసులో కాకుండా మెల్లగా పైకే చేయండి, ఆలోచన తప్పిపోదు. అయినా మధ్యలో గ్యాస్ బుకింగ్, ఫీజు టెన్షన్ గుర్తొస్తాయి. వాటితో పోట్లాడకుండా పేజీ చివర ఒక ముక్క రాసేసి మళ్లీ ప్రార్థనలోకి రండి. ముందు కృతజ్ఞత, తర్వాత తప్పుల ఒప్పుకోలు, ఆఖరున విన్నపాలు. మొత్తం పదిహేను నిమిషాలు చాలు, మొదటి నెల అంతకంటే పెంచొద్దు.

దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాశాడు. వీలైతే వారానికి ఐదు రోజులు అరగంట గబగబా నడవండి. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇదే. ఇందిరా పార్కుకో ఉస్మానియా క్యాంపస్‌కో వెళ్లగలిగితే సరే, లేదంటే మీ గల్లీయే చాలు. నేను నడుస్తూ దారిలో కనిపించే ఇళ్ల కోసం ప్రార్థిస్తాను. అద్దె కట్టలేకపోతున్న ఇల్లు, కొడుకు దుబాయ్ వెళ్లిన ఇల్లు, నాకు తెలిసినవే. మన హైదరాబాద్‌లో మే నెలలో ఆరు దాటితే ఎండ మొదలవుతుంది, ముందే వెళ్లాలి. జనవరిలో ఆరుంబావుకి కూడా చీకటే, పాప వెంట ఉంటే తెల్లారాకే బయలుదేరండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసమని టిఫిన్ మానేయొద్దు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చావాలనుకునేంత నీరసపడినప్పుడు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు.

పసిపిల్లల తల్లులు ఇదంతా చూసి దిగులుపడొద్దు. పాలిస్తూ ఒక్క కీర్తన చాలు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికొచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఉదయం అంటే మీరు నిద్ర లేచిన గంటే, అది సాయంత్రం 4 అయినా సరే.

కుటుంబ ప్రార్థన ఏడెనిమిది నిమిషాలు మించకుండా చూసుకోండి, వచనం పిల్లలతోనే చదివించండి. ఇక ఆదివారం. మా ఇంట్లో వారం మొత్తంలో ఎక్కువ గొడవలు జరిగేది ఆ పొద్దునే, సాక్సు దొరకదు, ఒకరు బాత్రూంలోంచి రారు, చర్చికి చేరేసరికి రెండో పాట అయిపోతుంది. అందుకని శనివారం రాత్రే నలుగురి బట్టలూ ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలిస్తున్నాను, కానుక కవరు బైబిల్లో పెట్టేస్తున్నాను, ఇడ్లీ పిండి కలిపి మూత పెట్టి 10కి లైటు ఆర్పేస్తున్నాను.