పిల్లల పీడీ సంచిలో యాంటీబయోటిక్: కలపడం, భద్రపరచడం, పారబోయడం

పెరిటోనియల్ డయాలసిస్ (పీడీ: కిడ్నీలు పనిచేయనప్పుడు కడుపులోకి ద్రవం పంపి, తిరిగి బయటికి తీసి రక్తాన్ని శుభ్రపరిచే పద్ధతి) మీద ఉన్న పిల్లలకు కడుపు పొరలో ఇన్ఫెక్షన్ సోకి, బయటికి వచ్చే ద్రవం మబ్బుగా మారినప్పుడు, యాంటీబయోటిక్‌ను డయాలసిస్ ద్రవంలోనే కలిపి కడుపులోకి పంపుతారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది పిల్లల కిడ్నీ వైద్యుడే నిర్ణయించాలి. కలిపిన మందు సంచిలో ఎంతకాలం బలం తగ్గకుండా ఉంటుందన్నదే ఇక్కడి విషయం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వార్డు నర్సులనూ, ఇంట్లో పీడీ చేయడానికి శిక్షణ పొందిన తల్లిదండ్రులనూ దృష్టిలో ఉంచుకొని దీన్ని రాస్తున్నాను.

పెద్దవారికి రెండు లీటర్ల సంచి సాధారణంగా ఒకే విడతలో ఖాళీ అవుతుంది. పిల్లలకు ద్రవాన్ని శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు సుమారు 1,100 మి.లీ. చొప్పున లెక్కిస్తారు, పసికందులకైతే ఇంకా తగ్గిస్తారు. అంటే 0.5 చదరపు మీటర్ల బిడ్డకు ఒక విడతకు పట్టేది దాదాపు అర లీటరే. అందువల్ల మందు కలిపిన సంచి స్టాండుకు గంటల తరబడి వేలాడుతుంది, లేదా రాత్రంతా సైక్లర్ (ద్రవాన్ని దానంతటదే ఎక్కించి, తీసే) యంత్రం వేడి పలక మీద శరీరపు వేడి వద్దే ఉంటుంది. మందు నిలకడ సమస్య పెద్దలకన్నా పిల్లల విషయంలో ఎక్కువగా ఎదురయ్యేది ఇందుకే.

అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం మార్గదర్శకాల ప్రకారం, లీటరుకు 25 మి.గ్రా. చొప్పున కలిపిన వాంకోమైసిన్ గది ఉష్ణోగ్రతలో 28 రోజులు, 8 మి.గ్రా. చొప్పున కలిపిన జెంటామైసిన్ 14 రోజులు, 500 మి.గ్రా. చొప్పున కలిపిన సెఫజోలిన్ కనీసం 8 రోజులు నిలుస్తాయి. సెఫ్టాజిడైమ్ వీటికన్నా సున్నితమైనది: లీటరుకు 125 మి.గ్రా. చొప్పున కలిపితే బయట 4 రోజులు, ఫ్రిజ్‌లో 7 రోజులు మాత్రమే. అయితే ప్రయోగశాలలో గది ఉష్ణోగ్రత అంటే సుమారు 25 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, రేకుల ఇంట్లో సాయంత్రం కూడా ఉక్క తగ్గదు. వేడి పెరిగేకొద్దీ సెఫలోస్పోరిన్ల (సెఫజోలిన్, సెఫ్టాజిడైమ్ ఈ జాతివే) అణువులోని కీలక భాగమైన బీటాలాక్టామ్ వలయం నీటితో చర్య జరిపి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. వాంకోమైసిన్ గడువు కూడా అధిక వేడిలో తగ్గుతుందని ఆ మార్గదర్శకాలే హెచ్చరిస్తున్నాయి. పైగా ఆ గడువులు మందు రసాయన బలానికే వర్తిస్తాయి, సూది గుచ్చిన సంచిలో క్రిములు చేరవని అవి హామీ ఇవ్వవు. కాబట్టి నా సలహా ఇది: ఇంట్లో ఏ సంచిలోనైనా మందును వాడటానికి కాస్త ముందు మాత్రమే కలపాలి, సెఫ్టాజిడైమ్‌ను వేసవిలో మర్నాటి కోసం అసలు కలిపి ఉంచకూడదు.

కలిపేటప్పుడు చేతులు కడుక్కొని, మాస్కు కట్టుకొని, మందు ఎక్కించే మూతిని పోవిడోన్ అయోడిన్‌తో 5 నిమిషాలు తడిపి ఉంచి, ఆపై స్పిరిట్‌తో తుడవాలి. ఒక్కో మందుకు వేరే సిరంజి, వేరే సూది వాడి, చివర సంచిని పలుమార్లు తలకిందులు చేయాలి. లెక్క కట్టాల్సింది బిడ్డకు పట్టే ద్రవానికి కాదు, సంచిలోని మొత్తం ద్రవానికి. లీటరుకు 25 మి.గ్రా. వాంకోమైసిన్ రాసి ఇస్తే రెండు లీటర్ల సంచికి 50 మి.గ్రా. కావాలి. 500 మి.గ్రా. వయల్‌ను (మందు పొడి ఉండే చిన్న సీసా) 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌తో కరిగిస్తే అది 1 మి.లీ.లో వస్తుంది. మొదటి మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది కనుక చీటీలో ఏది రాశారో రెండోసారి చూసుకోవాలి. సంచిపై మందు పేరు, మోతాదు, కలిపిన తేదీ, గంట రాయాలి.

వాంకోమైసిన్, సెఫలోస్పోరిన్, జెంటామైసిన్ ఒకే సంచిలో ఇమడగలవు, కానీ ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులను జెంటామైసిన్‌తో కలపరాదు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ చేర్చితే జెంటామైసిన్ గడువు తగ్గుతుంది, సెఫజోలిన్‌కు మాత్రం ఇబ్బంది లేదు. దగ్గర్లోని మందుల దుకాణంలో సులువుగా దొరుకుతుందని సెఫ్ట్రియాక్సోన్‌ను బదులుగా వాడకూడదు: పీడీ ద్రవంలో కాల్షియం ఉంటుంది, దానితో కలిస్తే ఆ మందు తెల్లటి అవక్షేపంగా మారే ప్రమాదం ఉంది. ద్రవం రెండు భాగాలుగా విడివిడిగా ఉండే రెండు అరల సంచి అయితే అరలు కలిపిన తర్వాత 24 గంటల్లోపే వాడాలి.

ఆసుపత్రిలో ముందుగా కలిపి పెట్టక తప్పకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తలుపు అరలోనూ, మంచు గడ్డకట్టే అరకు ఆనుకొనీ పెట్టకూడదు. కరెంటు పోయి ఎంతసేపైందో తెలియని పరిస్థితిలో లోపలి సెఫ్టాజిడైమ్ సంచిని పారబోయడమే మంచిది. హైదరాబాద్ నుంచి బస్సులో దేవరకొండకో అచ్చంపేటకో తెచ్చుకోవాల్సి వస్తే, కలిపిన సంచులకు బదులు వయళ్లు, ద్రవం విడివిడిగా తీసుకొని ఇంటి దగ్గర కలపడం మేలు.

వాడే ముందు సంచిని పొడి వేడితో, అంటే హీటింగ్ ప్యాడ్ మీద, సుమారు 37 డిగ్రీలకు తేవాలి. వేడినీళ్లలో ముంచితే మూతి గుండా క్రిములు చేరతాయి, మైక్రోవేవ్‌లో వేడి సమంగా పట్టదు. ఒకసారి వేడిచేసిన మందు సంచిని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టరాదు. రంగు మారినా, నలకలు కనిపించినా, రాసిన గంట చెరిగిపోయినా ఆ సంచిని వాడకూడదు. అయితే బలం తగ్గిన మందు చూపుకు తేటగానే ఉండవచ్చు. అందుకే చికిత్స మొదలై మూడు రోజులైనా ద్రవం తేటపడకపోతే, సంచిని ఎప్పుడు కలిపారో, ఎక్కడ ఉంచారో, ఎంతసేపు వేడిచేశారో ఉన్నదున్నట్టు వైద్యుడికి చెప్పాలి.