వాషింగ్ మెషిన్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి

• ముందు టెంపరేచర్ చూడండి. ఫ్రంట్ లోడ్ మెషిన్లలో డ్రమ్ తిప్పే మోటారు కన్నా నీళ్లు కాచే హీటరే ఎక్కువ కరెంటు లాగుతుంది. అది దాదాపు 2 కిలోవాట్లది, గీజర్‌కు ఏమాత్రం తీసిపోదు. చాలా మెషిన్లలో కాటన్ ప్రోగ్రామ్ పెట్టగానే 40 లేదా 60 డిగ్రీలు దానంతటదే వస్తుంది. రోజువారీ బట్టలకు దాన్ని కోల్డ్‌కు మార్చండి. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే కాగి వస్తుంటే ఇంకా కాచడం దేనికి? జబ్బుపడ్డవాళ్ల బట్టలు, దుప్పట్లకు మాత్రం వేడినీళ్లే పెట్టండి, అక్కడ పొదుపు వద్దు.

• డ్రమ్ నిండేన్ని బట్టలు పోగయ్యాకే వేయండి. అలాగని కుక్కొద్దు, పైన చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి.

• కాలర్లు, చీర అంచులు ముందే సబ్బు రాసి రుద్దితే క్విక్ వాష్ చాలు.

• పౌడర్ కొలిచి వేయండి. నురగ మరీ ఎక్కువైతే జాడించడానికి అదనంగా నీళ్లు, కరెంటు దండగ. బోరు నీళ్లకు కాస్త ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా గుప్పిళ్లతో కాదు.

• జేబులు తడమండి. చిల్లర, పిన్నీసులు పంపులో ఇరుక్కుంటే మిగిలిందంతా మెకానిక్‌కే.

• దండెం ఉంటే డ్రయర్ జోలికి పోకండి. వానాకాలంలో స్పిన్ స్పీడు పెంచితే సరిపోతుంది.