రోబ్లాక్స్ గేమ్‌లో ఎర్రర్లు వాటంతటవే లాగ్ అవ్వాలంటే
ప్లేయర్లు "గేమ్ పోయింది బ్రో" అంటారు తప్ప ఎక్కడ పోయిందో చెప్పరు కదా. ముందు రోబ్లాక్స్ స్టూడియోలో గేమ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీకెళ్ళి హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌లు (గేమ్ నుంచి బయట మీ వెబ్ అడ్రస్‌కి డేటా పంపే దారి) ఆన్ చేయండి. తర్వాత సర్వర్ స్క్రిప్ట్‌లో స్క్రిప్ట్‌కాంటెక్స్ట్ ఎర్రర్ ఈవెంట్‌కి (ఏ స్క్రిప్ట్‌లో ఎర్రర్ పడినా మోగేది) ఒక ఫంక్షన్ కనెక్ట్ చేస్తే మెసేజ్, స్టాక్ ట్రేస్ (ఏ లైన్ల మీదుగా వచ్చి ఎర్రర్ పడిందో), ఏ స్క్రిప్టో మూడూ వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు పంపకండి, లూప్‌లో ఒక్క ఎర్రర్ పడిందంటే నిమిషానికి 500 రిక్వెస్ట్‌ల లిమిట్ ఇట్టే అయిపోతుంది, ఒకే మెసేజ్ అయితే కౌంట్ పెంచుకుంటూ 30 సెకన్లకోసారి అన్నీ కలిపి మీ వెబ్ అడ్రస్‌కి పోస్ట్ చేయండి, ప్లేస్ వెర్షన్ (గేమ్ ఏ వెర్షనో ఆ నంబర్) కూడా జతచేసి. ఆ పోస్ట్ పీకాల్‌లోనే (లోపల ఎర్రర్ పడినా స్క్రిప్ట్ ఆగకుండా పట్టుకునే ఫంక్షన్) ఉండాలి, లేదంటే లాగరే ఎర్రర్ కొట్టి దాన్నే మళ్ళీ లాగ్ చేసుకుంటూ కూర్చుంటది (నాకైంది). క్లయింట్ (ప్లేయర్ డివైజ్) ఎర్రర్లు సర్వర్‌కి కనపడవు, రిమోట్‌ఈవెంట్‌లో (క్లయింట్ నుంచి సర్వర్‌కి మెసేజ్ పంపేది) పంపాలి, కానీ హ్యాకర్లు దాంట్లో చెత్త తోస్తారు, మెసేజ్ సైజ్ కత్తిరించండి. సర్వర్ మూసేటప్పుడు మిగిలినవి బైండ్‌టుక్లోజ్‌లో (సర్వర్ మూతపడే ముందు నడిచే ఫంక్షన్) పంపేయండి.