ఫ్లాట్‌హెడ్ ఫోర్డ్‌కి పాత రేసింగ్ క్యామ్: పెట్టే ముందు కొలవండి

ఇంజన్‌లో వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ క్యామ్ షాఫ్ట్. పాత రేసింగ్ క్యామ్ షాఫ్ట్ చివర కొట్టి ఉండే నంబర్‌ని నేను నమ్మను, ఎంత పేరున్న గ్రైండర్, అంటే క్యామ్ అరగదీసే పనివాడు, చేసినా సరే. డెబ్బై ఏళ్ల కింద లాస్ ఏంజెలెస్‌లో ఎవరో గ్రైండ్ చేసిన సరుకు అది. ఆ తర్వాత ఎన్ని ఇంజన్లలో తిరిగిందో, మధ్యలో ఇంకెవరు దాన్ని మళ్లీ రాయి మీద పెట్టారో ఎవరికీ తెలీదు. బాలానగర్‌లో మా షాపుకి ఫోర్డ్ వీ8 ఇంజన్ తెచ్చేవాళ్లు చాలా తక్కువ. వచ్చినవాళ్ల చేతిలో మాత్రం ఒక పొడుగాటి అట్టపెట్టె ఉంటుంది. "అన్నా, ఇది ఫుల్ రేస్ క్యామ్, అమెరికా నుంచి తెప్పించా, వేసేయ్" అంటారు. వేసేయడానికి ఎంతసేపు? అసలు అదేం క్యామో తేల్చడమే పని.

ముందు మీ ఇంజన్ ఏదో చూసుకోండి. ఫోర్డ్ ఈ ఫ్లాట్‌హెడ్‌ని, అంటే వాల్వులు సిలిండర్ పక్కన ఉండే సైడ్ వాల్వ్ వీ8ని, 1932లో 221 క్యూబిక్ అంగుళాలతో, 65 హార్స్ పవర్‌తో మొదలుపెట్టింది. అమెరికాలో 1953 దాకా కార్లకి ఇదే వేసింది. మన వైపు రైట్ హ్యాండ్ బండ్లు ఎక్కువగా కెనడా ఫోర్డ్ నుంచి వచ్చినవే. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా ఫోర్డ్ చేసిన మిలిటరీ ట్రక్కుల్లోనూ ఇదే ఇంజన్. ఒక హెడ్ (సిలిండర్ల పైమూత) మీద దాన్ని బిగించే స్టడ్లు లెక్కపెట్టండి. 17 ఉంటే అది 60 హార్స్ పవర్ చిన్న వీ8, దాని క్యామ్ వేరే లెక్క, ఇక్కడితో ఆగిపోండి. 21 ఉంటే 1938 దాకా వచ్చిన రకం. 24 ఉంటే ఆ తర్వాతిది. 24 ఉన్నవాటిలో నీళ్ల పైపు హెడ్ మధ్యలోంచి పోతే 1948 లోపుది, ముందు చివర నుంచి పోతే 1949 తర్వాతిది. ఈ తేడా క్యామ్‌కి చాలా ముఖ్యం. 1948 దాకా డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు భాగంలో, క్యామ్ ముక్కుకే, అంటే ముందు చివరకే, తగులుకుని తిరుగుతుంది. 1949 నుంచి నిలువు డిస్ట్రిబ్యూటర్. అందుకని రెండు రకాల క్యామ్‌లకీ ముక్కు వేరు. గేర్ కూడా కొన్నింటికి ప్రెస్ చేసి ఉంటుంది, కొన్నింటికి నాలుగు బోల్టులు. అమ్మేవాడిని ముక్కు వైపు ఫొటో అడగండి. ఎంతసేపూ లోబ్‌ల (వాల్వుల్ని లేపే ఉబ్బుల) ఫొటోలే పంపిస్తాడు.

ఇంక గ్రైండర్ల పేర్లు. ఎడ్ విన్‌ఫీల్డ్ అందరికంటే ముందువాడు. ఎడ్ ఇస్కెండేరియన్ ఆయన దగ్గర చూసి నేర్చుకున్నవాడే, పాత బండ్లకి పవర్ పెంచే హాట్ రాడ్ వాళ్లు ఇస్కెండేరియన్‌ని ఇస్కీ అంటారు. క్లే స్మిత్, హార్మన్ అండ్ కాలిన్స్, పాట్విన్, వెబర్, ఎంగెల్ అనే పేర్లు కూడా తగులుతాయి. వీళ్లలో చాలామంది ఫోర్డ్ కంపెనీ క్యామ్‌నే తీసుకుని లోబ్ వెనక భాగాన్ని, అంటే బేస్ సర్కిల్‌ని, అరగదీసి లిఫ్ట్, అంటే వాల్వ్ లేచే ఎత్తు, పెంచేవాళ్లు. లోబ్ ముక్కు ఎత్తు పెద్దగా మారదు, వీపు తగ్గుతుంది. అందుకే ఇలాంటి క్యామ్‌కి కంపెనీ ఇచ్చిన స్టాక్ ట్యాపెట్లు (లోబ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండే ముక్కలు) అందవు, గ్యాప్ ఎక్కువైపోతుంది. అడ్జస్టబుల్ ట్యాపెట్లు కొనాల్సిందే. క్యామ్ ఖర్చులో వీటి ఖర్చు కూడా మొదటే కలుపుకోండి.

ఎంత పెద్ద క్యామ్ కావాలి అన్నదగ్గరే మనవాళ్లకీ నాకూ గొడవ. అప్పట్లో ఈ క్యామ్‌లు పుట్టింది కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువుల మీద, 1949 నుంచి బోన్‌విల్ ఉప్పు మైదానం మీద, ఫుల్ థ్రాటిల్‌లో నేరుగా పరిగెత్తడానికి. మీ బండి ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ దాకా పోయి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇంటికి రావాలి. రెండూ ఒకటి కాదు. ముప్పావు రేస్, ఫుల్ రేస్ అనేవి అమ్మకానికి పెట్టుకున్న పేర్లు, కొలతలు కావు. ఒక గ్రైండర్ ముప్పావు రేస్ ఇంకొకరి ఫుల్ రేస్‌తో సమానం కావచ్చు.

ఫ్లాట్‌హెడ్‌లో పెద్ద క్యామ్ ఎందుకు ఎదురు తిరుగుతుందో ఒకసారి చూడండి. వాల్వులు హెడ్‌లో ఉండవు, సిలిండర్ పక్కన బ్లాక్‌లోనే ఉంటాయి. గాలి వాల్వ్ దాటి పైకి లేచి, పక్కకి తిరిగి, హెడ్ కింద సందులోంచి సిలిండర్‌లోకి దిగాలి. లిఫ్ట్ పెంచితే వాల్వ్ పైన హెడ్‌లో చోటు కావాలి. ఆ చోటు ఇస్తే కంప్రెషన్ పడిపోతుంది. కంప్రెషన్ పెంచుదామని హెడ్ దింపితే గాలి దారి మూసుకుపోతుంది. స్టాక్‌గా ఉండే కంప్రెషనే ఆరున్నర, ఏడు లోపు. డ్యురేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే సమయం, ఎక్కువున్న క్యామ్ వేస్తే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి వస్తూ పీల్చిన గాలిలో కొంత మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకే తోసేస్తుంది. ఉన్న కాస్త కంప్రెషన్ కూడా తక్కువ స్పీడ్‌లో పోతుంది, పికప్ చచ్చిపోతుంది.

ఇంకోటి ఎగ్జాస్ట్. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకి మూడే పోర్టులు, మధ్య రెండింటికీ ఒకటే దారి. ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-8-6-3-7-2. కుడి వైపు మధ్య సిలిండర్లు 2, 3. మూడోది పేలిన 180 డిగ్రీలకి రెండోది పేలుతుంది. మూడో సిలిండర్ తన ఎగ్జాస్ట్ ఇంకా మూయకముందే, ఇన్‌టేక్ అప్పుడే తెరుచుకుంటున్న సమయంలో, రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ ఒక్కసారి తెరుచుకుని ఆ ఉమ్మడి పోర్టులోకి పొగని కొడుతుంది. ఆ పొగ మూడోదాంట్లోకి ఎదురు పోతుంది. ఎడమ వైపు 6, 7 మధ్యా ఇదే కథ. డ్యురేషన్ పెంచిన కొద్దీ ఈ రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. పెద్ద క్యామ్ వేసే పట్టుదల ఉంటే పోర్టు మధ్యలో అడ్డుగోడ, అంటే డివైడర్, పెట్టించండి. పైగా ఈ ఎగ్జాస్ట్ దారులన్నీ బ్లాక్‌లో నీళ్ల మధ్యలోంచే పోతాయి, ఇంజన్ వేడెక్కేది అక్కడే. మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో నిలబడాల్సిన బండి ఇది. నా మాట అడిగితే, 50 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లిఫ్ట్ దగ్గర కొలిచిన డ్యురేషన్ 220 డిగ్రీలు దాటితే రోడ్డు బండికి వద్దు. లిఫ్ట్ 350 థౌ చుట్టుపక్కల ఉంటే చాలు. ఆ పైన ఈ ఇంజన్‌కి దక్కేది తక్కువ, స్ప్రింగుల మీద పడే భారం ఎక్కువ.

ఇక కొలతలు. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. సర్ఫేస్ ప్లేట్, రెండు వీ-బ్లాకులు, డయల్ గేజ్, డిగ్రీ వీల్ చాలు. క్యామ్‌ని కిరోసిన్‌తో కడిగి ఎండలో పెట్టి చూడండి. లోబ్ ముక్కు మీద గుంటలు, పెచ్చులు ఉంటే అక్కడే ఆపేయండి. తుప్పు మరక వేరు, తుప్పు తిన్న గుంట వేరు. గోరు తగులుకుంటే అది గుంట. చిన్న కొత్త ఆకురాయి తీసుకుని లోబ్ అంచున, ట్యాపెట్ తగలని చోట, మెల్లగా లాగండి. జారిపోవాలి. కొరికితే హార్డ్‌నెస్ పోయినట్టే, బహుశా రెండుసార్లు రీగ్రైండ్ అయిన సరుకు.

రెండు చివర్లలో ఉన్న జర్నల్స్‌ని (క్యామ్ బుష్‌లలో తిరిగే గుండ్రటి భాగాల్ని) వీ-బ్లాకుల మీద పెట్టి మధ్య జర్నల్ మీద డయల్ ఆనించి తిప్పండి. రెండు థౌ లోపు ఊగితే పర్వాలేదు. ఎక్కువైతే వంగింది. కొరియర్‌లో విసిరేస్తే క్యామ్ వంగుతుంది, అందుకే గట్టి పైపులో పెట్టి పంపమని అమ్మేవాడికి ముందే చెప్పండి.

లిఫ్ట్ కొలవడం ఈ ఇంజన్‌లో చాలా తేలిక. పుష్ రాడ్ లేదు, రాకర్ లేదు, ట్యాపెట్ నేరుగా వాల్వ్‌ని తోస్తుంది. లోబ్ ఎంత లేపితే వాల్వ్ అంత లేస్తుంది, ట్యాపెట్ గ్యాప్ తీసేస్తే. కానీ మైక్రోమీటర్‌తో ముక్కు నుంచి వీపు దాకా ఒక కొలత, అడ్డంగా ఒక కొలత తీసి తీసివేత చేసే పద్ధతి రేసింగ్ క్యామ్‌కి పనికిరాదు. డ్యురేషన్ ఎక్కువున్న లోబ్‌లో అడ్డం కొలత బేస్ సర్కిల్ మీద పడదు, ర్యాంప్ మీద పడుతుంది. లిఫ్ట్ తక్కువ చూపిస్తుంది. డయల్ గేజ్‌తో వీపు మీద సున్నా పెట్టి తిప్పడమే కరెక్ట్. డయల్ మొన విషయం కూడా గుర్తుపెట్టుకోండి. గుండ్రటి మొనతో మొత్తం లిఫ్ట్ సరిగ్గానే వస్తుంది, డ్యురేషన్ మాత్రం తప్పు వస్తుంది. అసలు ట్యాపెట్ ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి లోబ్‌ని మొన కంటే ముందే అందుకుంటుంది. వెడల్పు చదును మొన వేయండి, లేదా డ్యురేషన్ లెక్క ఇంజన్‌లో ట్యాపెట్ మీదే తీయండి. బెంచి మీద తీస్తే ఒక్క సంగతి, క్యామ్ ఒక డిగ్రీ తిరిగితే క్రాంక్ రెండు డిగ్రీలు. వచ్చిన అంకెని రెండుతో గుణించాలి.

పదహారు లోబ్‌లూ కొలిచి కాగితం మీద రాయండి. ఇన్‌టేక్‌లన్నీ ఒకదానితో ఒకటి, ఎగ్జాస్ట్‌లన్నీ ఒకదానితో ఒకటి మూడు థౌ లోపు కలవాలి. ఒక్క లోబ్ పది థౌ తక్కువుంటే అది అరిగిపోయింది, రేపు ఇంకా అరుగుతుంది. క్రాంక్ గ్రైండింగ్ షాపులు హైదరాబాద్‌లో కావలసినన్ని ఉన్నాయి, లోబ్ ప్రొఫైల్ గ్రైండ్ చేయడం వేరే పని. దానికి నమూనాగా మాస్టర్ క్యామ్ ఉండాలి. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ మాస్టర్ ఉందని ఎవరైనా చెబితే కళ్లతో చూసి నమ్మండి.

క్యామ్ బాగుందని తేలాక బిగించడం. హెడ్లు, మ్యానిఫోల్డ్ తీసి, వాల్వ్-స్ప్రింగ్-గైడ్ సెట్లని క్లిప్పులు లాగి పైకి తీస్తాం. ఆ క్లిప్పులు ఏళ్ల తరబడి పట్టేసి ఉంటాయి. ముందు రోజే నూనె పోసి వదిలేయండి, సుత్తితో యుద్ధం వద్దు. వెనక ఉన్న ఫ్యూయల్ పంప్ పుష్ రాడ్ తీయడం మర్చిపోతే క్యామ్ ముందుకి రాదు. బుష్‌లు చూసి, మూడు థౌ కంటే లూజు ఉంటే మార్చండి. పాత ట్యాపెట్లు పాత లోబ్‌లతో అరిగి కుదురుకున్నవి, కొత్త క్యామ్ కింద వాటిని అలాగే పెట్టకూడదు. కొత్తవి వేయండి, లేదా ముఖాలు గ్రైండ్ చేయించండి. స్ప్రింగులకి అప్పటి హాట్ రాడ్ వాళ్లు లింకన్ జెఫిర్ కారు స్ప్రింగులు వాడేవాళ్లు, ఇప్పటికీ అది మంచి దారే. ఫుల్ లిఫ్ట్‌లో స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

గేర్ మీద చుక్కలు కలిపితే పని అయిపోయిందనుకోకండి. ఒకటో సిలిండర్‌కి పిస్టన్ స్టాప్ పెట్టి, క్రాంక్‌ని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి తిప్పి, ఆగిన రెండు అంకెల మధ్య బిందువుని అసలైన టాప్ డెడ్ సెంటర్‌గా, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటుగా, పెట్టండి. తర్వాత ఇన్‌టేక్ ట్యాపెట్ మీద డయల్ పెట్టి, పైకి వెళ్లేటప్పుడు 50 థౌ దగ్గర ఒక అంకె, దిగేటప్పుడు 50 థౌ దగ్గర ఒక అంకె రాసుకోండి. గ్రైండర్ కొలతలు రాసి ఇచ్చే క్యామ్ కార్డు ఉంటే దాంతో పోల్చండి. రెండు డిగ్రీల తేడా వస్తే వదిలేయవచ్చు. కార్డు లేకపోతే ఈ అంకెలే మీ కార్డు, కాగితం జాగ్రత్తగా దాచండి.

తర్వాత హెడ్ చెక్. స్టేషనరీ షాపులో పిల్లలకి అమ్మే మోడలింగ్ క్లే కొని వాల్వుల మీదా పిస్టన్ మీదా ఉండలు పెట్టండి. హెడ్‌కి కాస్త నూనె పూసి, పాత గ్యాస్కెట్‌తో బిగించి, చేత్తో క్రాంక్ రెండు చుట్లు తిప్పండి. హెడ్ తీసి బ్లేడుతో క్లే కోసి మందం కొలవండి. వాల్వ్ పైన 60 థౌ కంటే తక్కువ ఉంటే హెడ్‌లో చోటు చెక్కాలి. చెక్కేటప్పుడు అవసరమైనంతే, వాల్వ్ పైన మాత్రమే. సిలిండర్ వైపు చెక్కారో కంప్రెషన్ చేతులారా పోగొట్టుకున్నట్టే.

ట్యాపెట్ గ్యాప్ కార్డులో ఉన్నంత పెట్టండి, ఎగ్జాస్ట్‌కి ఎప్పుడూ కాస్త ఎక్కువ. అడ్జస్టబుల్ ట్యాపెట్ బోల్టు తిప్పేటప్పుడు ట్యాపెట్ కూడా తిరిగిపోతుంది. ట్యాపెట్ బోర్ గోడకి చిన్న రంధ్రం వేసి పిన్నుతో ఆపడం పాత పద్ధతి, ఇంజన్ విప్పి ఉన్నప్పుడే చేయించుకోండి.

స్టార్ట్ చేసేముందు లోబ్‌లకీ ట్యాపెట్ ముఖాలకీ మోలీ పేస్ట్ దట్టంగా పూయాలి. ఆయిల్‌లో జింక్ ఉండాలి. ఇప్పటి పెట్రోల్ కార్ల పల్చటి ఆయిల్స్‌లో అది తక్కువ. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్‌లో జింక్ అడిటివ్ కలిపి పోయండి. రేడియేటర్ నిండా నీళ్లు, కార్బురేటర్‌లో పెట్రోల్, ఇగ్నిషన్ టైమింగ్ అన్నీ ముందే సరిచూసుకోండి, ఇంజన్ మొదటి తిప్పుకే అందుకోవాలి. అందుకున్న వెంటనే 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి, 1800 నుంచి 2500 మధ్య మారుస్తూ 20 నిమిషాలు నడపండి. ఐడ్లింగ్‌లో వదిలేయొద్దు. లోబ్‌లకి ఆయిల్ చిమ్మేది క్రాంక్ వేగమే, ఐడ్లింగ్‌లో అది సరిపోదు. పూర్తయ్యాక ఆయిల్ దించి వడగట్టి చూడండి, మెరిసే రజను ఉంటే లోబ్ పోతోంది. వేడి మీద గ్యాప్ ఒకసారి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి.

1949 నుంచి 1953 దాకా వచ్చిన ఇంజన్ అయితే డిస్ట్రిబ్యూటర్ గురించి ఇప్పుడే ఆలోచించండి. దాంట్లో స్పార్క్ అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకి జరపడం) మొత్తం వ్యాక్యూమ్ మీదే నడుస్తుంది, మెకానికల్ బరువులు లేవు. క్యామ్ మారాక వ్యాక్యూమ్ పడిపోతే అడ్వాన్స్ తికమకపడుతుంది. మెకానికల్ అడ్వాన్స్ ఉన్నది వేయించండి. వైపర్లు కూడా వ్యాక్యూమ్‌తోనే తిరుగుతాయి, జూలై వానలో కొత్త క్యామ్‌తో అవి అద్దం మధ్యలో ఆగిపోతాయి. కరెంట్ వైపర్ మోటారు పెట్టుకోవడమే మంచిది. కొనేటప్పుడు ఆరు వోల్టులది, పాజిటివ్ ఎర్త్‌కి, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉన్న బండికి, పనికొచ్చేది అడగండి. రాణిగంజ్‌లో అడగ్గానే చేతిలో పెట్టేది పన్నెండు వోల్టులదే.