కోరాపుట్ చలికి మా ఫైర్‌ప్లేస్‌కు ఇటుక తొడుగు

కోరాపుట్ డిసెంబరు చలి తెలిసినవాళ్లకు ఇంట్లో ఫైర్‌ప్లేస్ ఎందుకో చెప్పక్కర్లేదు. మా పాత ఇంటి ఫైర్‌ప్లేస్ చుట్టూ గోడ పొగచూరి పోతే, పోయిన వేసవిలో నేనే ఇటుక పలకలు అతికించాను. ఇవి అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం మందమే. బరువు తక్కువ, పునాది అక్కర్లేదు.

ముందు పెయింటంతా చెక్కేయండి. ఈ పనికి బద్ధకించకండి. మొదటిసారి నేను రంగు మీదే అతికిస్తే మూడో రోజుకే నాలుగు పలకలు రాలాయి. సిమెంటు గోడ బయటపడ్డాక సుత్తితో గాట్లు పెట్టి, తడపాలి. మామూలు గమ్ వేడికి మెత్తబడుతుంది, వద్దు. వేడి తట్టుకుంటుందని సంచి మీద రాసి ఉన్న సిమెంటు ఆధారిత అంటుమందే కొనండి.

పలకలను ముందు నేల మీద పరిచి వరసలు చూసుకోండి. మా అత్తయ్య రంగులు కలిపి పేర్చింది, అందమంతా అక్కడే వచ్చింది. కింద నుంచి పైకి, రసమట్టం పెట్టి, అర అంగుళానికి కాస్త తక్కువ సందుతో వెళ్లాలి. పొయ్యి నోటి పైన వరసకు ఇనుప యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) ఆసరా ఇవ్వండి. చెక్క అలమర, పరదా వంటివి నోటికి కనీసం మూడడుగుల దూరం ఉంచండి.

మర్నాడు సందులు నింపి, తడిగుడ్డతో తుడవండి. నెల ఆగి, మొదట చిన్న మంటే వెయ్యండి.