ప్రెషర్ వాషర్ కొనేముందు కుళాయి కింద బకెట్ పెట్టి చూడండి

మాది శ్రీకాకుళం. మోటార్లు రీవైండింగ్ చేసే షాపు నాది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్లు వచ్చే నా బల్ల మీదకి ఈ ఆరేడేళ్లుగా, నీటిని గట్టి ధారగా కొట్టి కార్లూ నేలలూ కడిగే ప్రెషర్ వాషర్లు కూడా వస్తున్నాయి. దసరా ఆయుధపూజ ముందు వారంలోనూ, సంక్రాంతికి ఇళ్లు దులిపి సున్నాలు వేసే రోజుల్లోనూ మరీ ఎక్కువ. విప్పి చూస్తే, మెషిన్ దానంతటదే పాడైనవి తక్కువే. నీళ్లు చాలకో, కరెంటు చాలకో పోయినవే ఎక్కువ. అందుకే ఎవరైనా వచ్చి ఏది కొనమంటారని అడిగితే నేను వెంటనే కంపెనీ పేరు చెప్పను. మీ ఇంట్లో నీళ్లు ఎలా వస్తాయి, కారు కడిగేచోట ఏ ప్లగ్ ఉంది అని ముందు అడుగుతాను.

నీళ్ల సంగతి తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. మెషిన్ పైపు ఏ కుళాయికి తగిలిస్తారో ఆ కుళాయి కింద 15 లీటర్ల బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్లో చూడండి. రెండు నిమిషాలు పట్టిందంటే మీ కుళాయి నిమిషానికి ఏడున్నర లీటర్లు ఇస్తోందని లెక్క. ఇళ్లలో వాడే మెషిన్లు మామూలుగా నిమిషానికి 5 నుంచి 8 లీటర్లు తీసుకుంటాయి. కుళాయి ఇచ్చేది ఎప్పుడూ మెషిన్ అడిగేదానికంటే కాస్త ఎక్కువే ఉండాలి. ఏడున్నర వచ్చే ఇంటికి ఆరు లీటర్ల మెషిన్ సరిపోతుంది, ఎనిమిది లీటర్లది వద్దు.

మన వైపు చాలా ఇళ్లలో నీళ్లు డాబా మీది ట్యాంకు నుంచే దిగుతాయి. నీటి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ వస్తుంది. ఒక అంతస్తు ఇంటి మీద ట్యాంకు ఉంటే కింద కుళాయికి అందేది బార్‌లో మూడో వంతు, మహా అయితే సగం. చాలా మెషిన్లు దాంతో నడుస్తాయి. కానీ అదే మెషిన్‌ని డాబా మీదకి తీసుకెళ్లి, ట్యాంకు పక్కనే ఉన్న కుళాయికి తగిలిస్తే పైపులో ధార సన్నగా ఉంటుంది. పంపు లోపలికి నీటితోపాటు గాలి కూడా పోతుంది. గన్ దగ్గర ధార ఆగి ఆగి తన్నుతుంటే అర్థం అదే. అలాంటప్పుడు నడపకూడదు.

డ్రమ్ములోంచో, తొట్టిలోంచో నీళ్లు లాగాలనుకునేవాళ్లు సెల్ఫ్ సక్షన్ ఉందని స్పష్టంగా రాసిన మెషినే కొనాలి. దానికి అడుగున జాలీ, నీళ్లు వెనక్కి పోకుండా వాల్వు ఉన్న సక్షన్ పైపు కావాలి. మెషిన్‌ని డ్రమ్ముకి దగ్గరగా, నేల మీదే పెట్టాలి. పైపుని ముందు నీటితో నింపి, గన్ చివర ఉండే పొడవాటి గొట్టం, అదే లాన్సు, తీసేసి, బుడగలన్నీ పోయి ధార తిన్నగా వచ్చేదాకా వదలాలి. ఆ తర్వాతే లాన్సు బిగించాలి.

పోయిన సంక్రాంతి ముందు నరసన్నపేట వైపు నుంచి ఒకాయన తెచ్చిన మెషిన్ ఇంకా నా కళ్లముందే ఉంది. డ్రమ్ము పెట్టుకుని కారు కడిగారట. ఒక పక్క అయ్యేసరికి డ్రమ్ము ఖాళీ అయింది. అది చూసుకోకుండా గన్ కింద పెట్టి, రెండో పక్క గుడ్డతో తోముతున్నారు. మోటారు తిరుగుతూనే ఉంది. "గన్ వదిలేస్తే దానంతటదే ఆగిపోతుందన్నారండీ" అని ఆయన బాధ. ఆగుతుంది, నిజమే. కానీ ఆ ఆటో స్టాప్ స్విచ్‌ని నెట్టేది నీటి ఒత్తిడే. పంపులో నీళ్లే లేకపోతే ఒత్తిడి ఎక్కడిది? స్విచ్ కదలదు, మోటారు ఆగదు. పంపు విప్పాను. వేలి లావున మూడు పిస్టన్లు ఉంటాయి, ఏటవాలు పళ్లెం ఒకటి తిరుగుతూ వాటిని వరసగా నెడుతుంటుంది. రెండు పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు అంచుల దగ్గర కరిగి జిగురులా అంటుకుపోయి ఉన్నాయి. మూడోదాన్ని గోటితో గీరితే నల్లటి పొడి రాలింది. పిస్టన్ మీద నిలువు గీతలు. ఆ సీళ్లను చల్లగా ఉంచేది వాటి మీదుగా పారే నీరే. నీళ్లు ఆగినప్పుడు మెషిన్ తిరగకూడదు, గన్ కింద పెట్టి అవతలికి పోతుంటే మెయిన్ స్విచ్ ఆపాలి. కొన్నవాళ్లకి షాపులో ఈ ఒక్క మాట చెప్పి పంపితే ఎంత బాగుండునో.

ఇప్పుడు కరెంటు. 1800 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. దానికి కన్వర్టర్ పిన్ను తగిలించి వాడితే ప్లగ్ పసుపెక్కి, తర్వాత కరుగుతుంది. గీజరుకీ ఏసీకీ వాడే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాలి. కారు పెట్టేచోట అది లేకపోతే మెషిన్‌తోపాటు ఆ ప్లగ్ ఖర్చు కూడా లెక్క వేసుకోండి. వైరు లాగాల్సి వస్తే రెండున్నర ఎం.ఎం. రాగి వైరుతో లాగించండి. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ అయితే మొత్తం విప్పాకే వాడండి, చుట్టలో వేడి చేరి ఇన్సులేషన్ మెత్తబడుతుంది. తడి నేల మీద, తడి చేతులతో చేసే పని ఇది. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఈ రెండూ లేని ఇంటికి నేను మెషిన్ కొనమని చెప్పను.

పెట్టె మీద అంకెల గురించి మా బావతో పెద్ద వాదనే అయింది. ఆమదాలవలసలో ఉంటాడు. "ఏటి బావా, రెండొందల బార్‌ది దొరుకుతుంటే నూట పది బార్‌ది కొనమంటావేటి?" అన్నాడు. ఆ పెట్టె మీద 200 బార్, నిమిషానికి 10 లీటర్లు, మోటారు 1800 వాట్లు అని రాసి ఉంది. కాగితం తీసి లెక్క చూపించాను. బార్‌ని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే, ఆ ధారకి ఎన్ని కిలోవాట్లు కావాలో వస్తుంది. 200 ఇంటూ 10 అంటే 2000, దాన్ని 600తో భాగిస్తే 3.3 కిలోవాట్లు. మోటారు కరెంటు నుంచి తీసుకునేదే 1.8. తీసుకున్నదానికంటే ఎక్కువ ఏ మోటారూ ఇవ్వలేదు. పెట్టె మీద ఉన్నవి రెండూ ఒకేసారి వచ్చే అంకెలు కావు. బార్ గన్ మూసినప్పటిది, లీటర్లు ఒత్తిడి లేకుండా వదిలినప్పటివి. అదే లెక్క కార్చర్ కంపెనీ కె2 మెషిన్‌కి వేసి చూడండి. 110 బార్ గరిష్ఠం, గంటకు 360 లీటర్లు అంటే నిమిషానికి 6, మోటారు 1400 వాట్లు. 110 ఇంటూ 6 బై 600, అంటే 1.1 కిలోవాట్లు. మోటారుకంటే తక్కువే, నమ్మదగ్గ అంకె. అదే కొనమని కాదు, ఏ పెట్టె అయినా ఇలా పరీక్షించమని చెబుతున్నాను. మెషిన్ మీద అతికించిన లేబుల్లో రేటెడ్ ప్రెషర్ అని విడిగా రాసి ఉంటే అదే చూడండి. మీ చేతిలో పనిచేసేది ఆ ఒత్తిడే.

కారుకి 100 బార్ లోపల పనిచేసే ఒత్తిడి చాలు. సిమెంటు నేల, ప్రహరీ మీద పాకుడు పోవాలంటే 100 నుంచి 130 మధ్య హాయిగా సరిపోతుంది. ఇక మురికిని తోసుకుపోయేది నీటి పరిమాణం. బార్ ఎక్కువ, లీటర్లు తక్కువ ఉన్న మెషిన్ గీత గీసినట్టు కడుగుతుంది. నేల మొత్తం చెయ్యడానికి సాయంత్రం అవుతుంది.

మోటారు రెండు రకాలు. తక్కువ ధరవన్నీ కార్బన్ బ్రష్‌లతో తిరిగేవి. తేలికగా ఉంటాయి, గట్టిగా కీచుమని అరుస్తాయి, బ్రష్‌లు అరుగుతాయి. వారానికోసారి ఒక కారు, ఏడాదికి రెండుసార్లు ఇల్లు కడిగేవాళ్లకి ఇది చాలు. పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి కాసేపు ఆపితే ఏళ్లు వస్తుంది. బ్రష్‌లు బయటి మూత తిప్పి మార్చుకునేలా ఉన్న మెషిన్ దొరికితే అదే తీసుకోండి. లేదంటే చిన్న బ్రష్ కోసం మొత్తం విప్పాలి. రెండోది బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు. దానికి బరువు, ధర ఎక్కువ, శబ్దం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. రెండు కార్లు, ట్రాక్టరు, పశువుల శాల ఉన్న ఇంటికి అదే సరైనది. అయితే పల్లెల్లో సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు ఇండక్షన్ మోటారు లేవలేక హుమ్మని మూలుగుతుంది. అలా ఉంచితే వైండింగ్ కాలుతుంది. గన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి, పంపులో ఒత్తిడి లేకుండా తేలిగ్గా తిరుగుతుంది. అయినా మూలిగితే వెంటనే ఆపేయండి. బ్యాటరీతో నడిచే చిన్న గన్‌లు బైకు వరకే.

పంపు హెడ్, అంటే పిస్టన్లు నీటిని నెట్టే పై భాగం, ఏ లోహంతో చేశారో అడగండి. మనది సముద్రం దగ్గరి జిల్లా, తీరపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీటికి అల్యూమినియం కంటే ఇత్తడి బాగా నిలుస్తుంది. నీళ్లు లోపలికి వెళ్లేచోట, పారదర్శకంగా ఉండే ఫిల్టరు తప్పనిసరి. ఇసుక, తుప్పు రేణువులు కనబడతాయి, కడుక్కోవచ్చు. పైపు 8 మీటర్లు ఉంటే కారు చుట్టూ మెషిన్‌ని లాక్కోనక్కర్లేదు. గన్ మర 22 ఎం.ఎం.దా, కంపెనీ సొంత ఫిట్టింగా అన్నది కూడా చూసుకోండి. షాంపూ నురగ కొట్టే ఫోమ్ బాటిల్ తర్వాత కొంటే దానికి సరిపడే అడాప్టర్ కావాలి. ఇక సర్వీసు. సీల్ కిట్, గన్, కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా, ఎక్కడ దొరుకుతాయి అని డబ్బు కట్టకముందే అడగండి. చిన్న సీలు కోసం ఇక్కడి నుంచి విశాఖపట్నం దాకా మెషిన్ మోయాల్సి వస్తే రెండుసార్లకే విసుగొస్తుంది.

నాజిళ్లు, అంటే లాన్సు కొసన పెట్టే ముక్కులు, రంగును బట్టి గుర్తుపట్టొచ్చు. డిగ్రీలు ఎక్కువైతే ధార వెడల్పవుతుంది. ఎరుపు సున్నా డిగ్రీలు, సూదిలాంటి ధార, ఇంటి పనికి దాన్ని తీసి పక్కన పెట్టేయండి. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40. కారు పెయింటుకి తెలుపు, చక్రాల లోపలికి ఆకుపచ్చ, సిమెంటు నేలకి పసుపు. మా బావ పాత కారు వెనక బంపర్‌కి ఒకసారి సొట్ట పడితే రీపెయింట్ చేయించాడు. నేను పసుపు నాజిల్‌తో జానెడు దూరం నుంచి కొట్టాను. రూపాయి బిళ్లంత పెయింటు పొరలా లేచి వచ్చేసింది. కంపెనీ పెయింటు ఆగుతుందేమో గాని, షెడ్డులో వేసినది ఆగదు. అప్పటి నుంచి కారుకి అడుగు దూరం తగ్గను. టైర్ల పక్కభాగానికీ అంతే, దగ్గరగా కొడితే రబ్బరు దెబ్బతింటుంది. ఇంజన్ లోపల, రేడియేటర్ రేకుల మీద, తలుపుల రబ్బరు అంచుల్లోకి, స్టిక్కర్ల అంచుల మీద కొట్టకూడదు.

కళింగపట్నమో బారువో వెళ్లి బీచ్ దగ్గర కారు పెట్టి వస్తే, పైన మెరిసినా మెరవకపోయినా ముందు కారు అడుగునా, చక్రాల తొట్టెల్లోనూ కడగండి. ఉప్పు అక్కడే కూర్చుంటుంది. మిగతాది మామూలే. నీడలో, బానెట్ చల్లారాక, ముందు వట్టి నీళ్లతో మట్టి దింపాలి. తర్వాత ఫోమ్ కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆరకముందే పైనుంచి కిందికి కడిగేయాలి. బోరు నీళ్లయితే వెంటనే మెత్తటి గుడ్డతో తుడవాలి, లేకపోతే తెల్ల చుక్కలు పడతాయి. గన్ నొక్కిన సమయం పది నిమిషాలనుకుంటే, ఆరు లీటర్ల మెషిన్‌తో కారుకి నాలుగు బకెట్ల నీళ్లు.

ఇంటి పనిలో వానాకాలం వెళ్లాక ప్రహరీ మీదా, మెట్ల మీదా పట్టే పాకుడుకి ఇది బాగా పనిచేస్తుంది. మా అమ్మ జారి పడుతుందని ప్రతి ఏడూ మొదట మెట్లే కడుగుతాను. సున్నం గోడ మీద కొట్టకండి, పెచ్చులు ఊడతాయి. పెంకుటిల్లయితే ధార ఎప్పుడూ పైనుంచి కిందికే వెళ్లాలి. కిందనుంచి పైకి కొడితే పెంకుల సందుల్లోంచి నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. టైల్స్ మధ్య పూసిన సిమెంటుని సన్నటి ధార తవ్వేస్తుంది. డాబా మీది సోలార్ ప్యానెళ్లకీ ఏసీ బయటి యూనిట్ రేకులకీ మామూలు పైపే వాడండి.

పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఈ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. బయట చిన్న రంధ్రంలా కనిపించినా లోపల పెద్ద గాయం ఉండొచ్చు. ఇంట్లో పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పని అయ్యాక స్విచ్ ఆపి, కుళాయి కట్టి, గన్ నొక్కి లోపల మిగిలిన ఒత్తిడి వదిలేయండి. ఉప్పు బోరు నీళ్లు వాడి ఉంటే దానికి ముందే ఒక బకెట్ మంచినీళ్లు పంపులోంచి పోనివ్వండి. ఫిల్టరు విప్పి కడిగి, పైపు మడత పడకుండా చుట్టి, మెషిన్‌ని నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సీళ్లు ఎండి అంటుకుపోతాయి. పని లేకపోయినా నెలకోసారి కుళాయికి తగిలించి రెండు నిమిషాలు తిప్పండి.