డబ్బు మనమే ఇచ్చాం, మరి లోగో ఎవరిది?

అనంతపురంలో మాది చెనిక్కాయ చిక్కీ చేసే చిన్న యూనిట్. మాకూ, మాకు తెలిసిన యూనిట్ల వాళ్ళకూ ఎదురైన చిక్కులు ఇవి. మీకు ఎదురుకాక ముందే చదవండి.

సమస్య: డిజైనర్ లోగో ఫైలు ఇవ్వడం లేదు

కొత్తగా 200 గ్రాముల ప్యాకెట్ వేద్దామంటే ప్రింటర్ ఒరిజినల్ ఫైలు అడిగాడు. డిజైనర్‌కు ఫోన్ చేశాను. "అన్నా, మీరిచ్చింది డిజైన్ వేసినందుకు. ఫైలుకు వేరే" అన్నాడు. పాత బిల్లు వెతికి తీశాను. "లోగో, కవర్ డిజైన్ - 1" అని ఒకే లైను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ లోగోతో ఎన్ని వేల కవర్లు కొట్టించామో!

కారణం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతం తీసుకునే ఉద్యోగి పనిలో భాగంగా గీసింది సంస్థది. బయటివాళ్ళు గీస్తే, డబ్బు మనదైనా, మామూలుగా హక్కు గీసినవాళ్ళదే. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను.

పరిష్కారం: హక్కులు బదిలీ చేస్తున్నట్టు రాసి, సంతకం పెట్టించుకున్నాకే చివరి వాయిదా ఇవ్వండి. కాలపరిమితి రాయకపోతే బదిలీ 5 ఏళ్ళకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. దుబాయ్‌కి సరుకు పంపాలనుకునేవాళ్ళు ఇది మరవకండి. మేము కొంత ముట్టజెప్పి రాయించుకున్నాం.

సమస్య: పార్ట్‌నర్ విడిపోయాడు, బ్రాండ్ పేరూ ఆయనతోనే పోయింది

బ్రాండ్ పేరు మీద హక్కు కోసం వేసే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆయన సొంత పేరుతో వేశారు, అంతే. సంస్థ పేరుతో వేయాలి. ఆన్‌లైన్‌లో చిన్న సంస్థలకు ఒక్కో క్లాసుకు, అంటే సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు. చిక్కీ 30వ క్లాసు, పచ్చళ్ళు 29. రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు, తర్వాత రెన్యువల్. ఊరి పేరు, సరుకు పేరు మాత్రమే కలిపి పెడితే రిజిస్టర్ కావడం కష్టం. ధర్మవరం పట్టుచీరల సంగతి వేరు. అది భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకు ఇచ్చే గుర్తింపు, ఏ ఒక్క షాపు సొత్తూ కాదు.

సమస్య: మిషన్ కొత్తదే, అయినా పేటెంట్ రాదన్నారు

కడపలో తెలిసిన వర్క్‌షాపు వాళ్ళు కాయలు ఒలిచే మిషన్‌కు మంచి మార్పు చేసి, సంబరంగా యూట్యూబ్‌లో పెట్టారు. దరఖాస్తుకు ముందే లోకానికి చూపించినది చట్టం దృష్టిలో కొత్తది కాదు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి వివరాలకు 12 నెలల గడువు ఉంటుంది. ఆలోచన మెకానిక్‌దైతే పేటెంట్ హక్కు మొదట అతనిదే. సంస్థకు కావాలంటే నియామక పత్రంలోనే రాసుకోవాలి.

సమస్య: పాకం గుట్టు తెలిసిన మనిషి మానేశాడు

పాకం చుక్క నీళ్ళలో వేసి విరిస్తే టక్కుమనాలి. అది అందరికీ తెలుసు. ఏ బెల్లం ఎంత, ఎంత వేడిలో దించాలి అన్నదే మా గుట్టు. దీనికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందమే దిక్కు. "మానేశాక ఇంకెక్కడా పనిచేయకూడదు" అని రాయిస్తుంటారు, అది కోర్టులో నిలవదు. గుట్టు బయటపెట్టకూడదని రాయించండి, కొలతలు ఇద్దరికి మించి తెలియనివ్వకండి.

ఇప్పుడు మా దగ్గర ఒక రిజిస్టర్ ఉంది. ఏముంది, ఎవరి పేరు మీద, కాగితం ఎక్కడ, రెన్యువల్ ఎప్పుడు, ఎవరు చూసుకోవాలి అని అయిదు గడులు. పేరుకు ట్రేడ్‌మార్క్, పాకానికి గోప్యత అని ముందే తేల్చుకున్నాం, డబ్బు పేటెంట్ల మీద పెట్టలేదు. మొదటి వరుస లోగోది. దాని పక్కనే డిజైనర్ సంతకం చేసిన కాగితం జిరాక్స్ అంటించాం.